రెండో సంపుటం, 516 ప్రతులు: నంబర్ల రిజిస్టరు డైరీ

మే 2025

మాది హైదరాబాదులో ఇద్దరం కలిసి నడుపుకుంటున్న చిన్న ప్రచురణ సంస్థ. రెండేళ్ల కిందట ఒక సచిత్ర కథా సంకలనం మొదటి సంపుటాన్ని రెండు రకాలుగా తెచ్చాము. ఒకటి ఏ పుస్తకాల దుకాణంలోనైనా దొరికే మామూలు ప్రతి. రెండోది పెడన కలంకారీ వస్త్రంతో అట్ట కట్టి, క్యాలికో వెన్ను పెట్టి, చిత్రకారుడి సంతకంతో నంబరు వేసి ఇచ్చిన ప్రత్యేక ప్రతి. ప్రత్యేక ప్రతులు 516 మాత్రమే. శుభానికి ఇచ్చే లెక్క పదహారుతో ముగియాలన్న మన ఆనవాయితీ తప్ప ఆ సంఖ్యకు వేరే కారణం లేదు. ఇప్పుడు రెండో సంపుటం కూడా అంతే సంఖ్యలో వస్తోంది. ఆర్డర్లు, చెల్లింపులు, ఫిర్యాదులు, నంబర్లు అన్నీ ఒకే రిజిస్టరులో ఉండాలని నియమం పెట్టుకున్నాము. ఏ నిర్ణయం ఏ కారణంతో తీసుకున్నామో ఈ డైరీలో రాస్తున్నాను. పరిమిత ప్రతుల పుస్తకం కొన్నవాళ్లు ఒకరితో ఒకరు మాట్లాడుకుంటారు కాబట్టి, ఒకరికి ఇచ్చిన వెసులుబాటు రెండోవారికి నిరాకరిస్తే సాయంత్రానికల్లా అందరికీ తెలిసిపోతుంది.

మొదట తేల్చవలసినది ఎన్ని ప్రతులు ముద్రించాలన్నది. 516 అమ్మాలంటే 516 వేస్తే చాలదు. ప్రెస్సులో రంగు కుదిరేదాకా పోయే కాగితాలుంటాయి, మడత వంకరపోయిన ఫారాలు (ఒకే పెద్ద కాగితం మీద అచ్చువేసి మడిచిన పుటల కట్టలు) ఉంటాయి, కుట్టులో చిరిగినవి, అట్ట ఎక్కించేటప్పుడు జిగురు అంటినవి ఉంటాయి. వీటికి తోడు చట్టం ప్రకారం ఇవ్వవలసిన ప్రతులున్నాయి. 1954 నాటి చట్టం ప్రకారం ప్రతి ప్రచురణకర్తా పుస్తకం వెలువడిన 30 రోజుల్లోగా సొంత ఖర్చుతో కోల్‌కతాలోని జాతీయ గ్రంథాలయానికి ఒక ప్రతి పంపాలి. చెన్నైలోని కన్నెమరా గ్రంథాలయం, ముంబయిలోని కేంద్ర గ్రంథాలయం, ఢిల్లీ పబ్లిక్ లైబ్రరీలకు ఒక్కొక్కటి పంపాలి. ఈ చట్టంలో మాలాంటివాళ్లు గమనించవలసిన మెలిక ఒకటుంది. కోల్‌కతాకు వెళ్లే ప్రతి మన దగ్గరున్న వాటిలో శ్రేష్ఠమైన ప్రతితో సమానంగా, శ్రేష్ఠమైన కాగితం మీద ముద్రించి కుట్టినదై ఉండాలి. మిగిలిన మూడింటికీ ఎక్కువ ప్రతులు ఏ కాగితం మీద వేశామో ఆ ప్రతి సరిపోతుంది. కాబట్టి ఒక కలంకారీ ప్రతి కోల్‌కతాకు, మూడు మామూలు ప్రతులు తక్కిన చోట్లకు వెళ్తాయి. అమ్మే 516లోంచి తీయకుండా రచయిత, చిత్రకారుడు, సంపాదకుడు, జాతీయ గ్రంథాలయం, మా రెండు దస్త్రం ప్రతులు అన్నిటికీ అ నుంచి ఊ వరకు అచ్చులతో ఆరు ప్రతులు వేరుగా పెట్టాము. ఫారాలు మాత్రం 570 ప్రతులకు సరిపడా వేయించాము.

నంబరు ఎప్పుడు వేయాలన్నది రెండో ప్రశ్న. మొదటి ఫారంలోనే నంబరు పుటను కలిపి ముద్రించి ముందుగా రాసేస్తే, బైండింగులో ఒక ప్రతి పాడైనప్పుడల్లా వరసలో ఒక గండి పడుతుంది. అందువల్ల నంబరు పుటను విడి కాగితంగా ముద్రించి, చిత్రకారుడి సంతకాలు ముందే చేయించి, పుస్తకం కట్టి, ఆరి, పరీక్ష అయ్యాకే సన్నటి జిగురు గీతతో లోపల అతికించి, ఆ తరువాతే నంబరు రాయాలని నిర్ణయించాము. సంతకం చేసిన ఖాళీ పుట అంటే సంతకం చేసిన ఖాళీ చెక్కు లాంటిదే. ఎన్ని ముద్రించామో, ఎన్ని వాడామో, ఎన్ని బీరువాలో ఉన్నాయో రిజిస్టరులో మొదటి పేజీ మీదే ఉంటుంది. బీరువా తాళం తీసినప్పుడల్లా ఇద్దరం సంతకం చేస్తాము.

జూన్

మొదటి సంపుటం ఉన్నవాళ్లకు అదే నంబరు రెండో సంపుటం తీసుకునే హక్కు ఉంటుందని అప్పుడే మాట ఇచ్చాము. జూన్ చివరి దాకా గడువు పెట్టి అందరికీ రాశాము. సులువుగా తేలిపోతుందనుకున్న ఈ పనే నెలంతా తినేసింది.

మొదటి సంపుటంలో నంబర్లు తెలుగు అంకెల్లో రాశాము. చూడటానికి అందంగా ఉంటుందన్న మాట నిజం. కానీ చేతిరాతలో ౨, ౩ ఒకదానికొకటి పోలి ఉంటాయని, ఇంట్లో క్యాలెండరులోనూ బస్సు మీదా ఈ అంకెలు కనిపించని తరం వాటిని ఊహించి చదువుతుందని ఇప్పుడు వచ్చిన ఉత్తరాలు చెబుతున్నాయి. ౨౧౩ ఉన్నవారు 313 కావాలని రాశారు. 313 అసలు యజమాని కూడా సరిగ్గా అదే అడిగారు. అందుకని ఎవరి మాటా రాతలో తీసుకోకుండా నంబరు పుట ఫొటో, దాని పక్కన ఆ రోజు తేదీ వేసిన చీటీ రెండూ ఉన్న చిత్రాన్ని అడగడం మొదలుపెట్టాము. ఫొటో చూసి మేమే అంకె చదివి, రిజిస్టరులో అదే నంబరు ఎదుట ఉన్న చిరునామాతో సరిచూస్తున్నాము. రెండో సంపుటంలో నంబరు తెలుగు అంకెల్లోనే ఉంటుంది, కింద చిన్న అక్షరాల్లో మాటల్లోనూ ఉంటుంది. సంపుటాల జత కుదరాలనుకునేవాళ్లకు అంకెలు మార్చడం నచ్చదు.

అంతకన్నా చిక్కు ప్రశ్న పాత ప్రతులను చేతులు మారి కొన్నవాళ్లది. మొదటి సంపుటం ఇప్పటికే కొన్ని చోట్ల పాత పుస్తకాల అమ్మకందార్ల ద్వారా వెళ్లింది. జత నంబరు హక్కు రిజిస్టరులో పేరున్న మొదటి కొనుగోలుదారుడిదా, ఇవాళ పుస్తకం చేతిలో ఉన్నవారిదా? మొదటి పేరుదే అంటే, పుస్తకం అమ్మేసుకున్న మనిషి ఇప్పుడు రెండో సంపుటం కొని అదీ అమ్ముకోవచ్చు, జత మాత్రం ఎన్నటికీ కుదరదు. నంబరు పుస్తకానిది, మనిషిది కాదన్నది మా నిర్ణయం. ఫొటో పంపినవారికే హక్కు. పేరు మారినచోట పాత పేరు కొట్టివేయకుండా దాని కింద కొత్త పేరు, తేదీ రాస్తున్నాము. ఒకాయన ‘నేను అమ్మినా అది నా నంబరే’ అని రెండు పొడవాటి ఉత్తరాలు రాశారు. ఆయన బాధ అర్థమవుతుంది, కానీ జవాబు మారదు.

జూలై మొదటి వారం

గడువు తీరాక మిగిలిన నంబర్లను అందరికీ తెరిచాము. నంబరు ఎంచుకునే వీలు లేదు, డబ్బు అందిన వరసలో మిగిలినవాటిలో చిన్నది వెళ్తుందని వెబ్‌సైటు మీద స్పష్టంగా రాశాము. అయినా కోరికలు ఆగలేదు. కూడితే తొమ్మిది రావాలని కొందరు అడిగారు, ఎనిమిది వద్దని కొందరు. పెళ్లిరోజు తేదీ కావాలని ఒక దంపతులు. అన్నిటికన్నా గిరాకీ 116కి. రవాణా శాఖ 9999 నంబరు వేలం వేస్తే లక్షలు పలికే ఊళ్లో ఇది ఆశ్చర్యపోవలసిన సంగతి కాదు. రెట్టింపు ధర ఇస్తామన్నవాళ్లకు కూడా కుదరదన్నాము. ఒక్క నంబరుకు ఎక్కువ తీసుకున్న క్షణం నుంచి మిగిలిన 515 తక్కువ రకం అయిపోతాయి. 116 జత హక్కు ఉన్న ఒక పాఠకురాలిది, ఆమెకే వెళ్తుంది.

చెల్లింపుల్లో కొత్త రకం తగాదా వచ్చింది. యూపీఐలో డబ్బు కట్టినప్పుడు కొన్ని లావాదేవీలు ‘పెండింగ్’లో ఉండిపోయి గంటల తరువాత పూర్తవుతాయి. కొనేవారి బ్యాంకు ఖాతాలో డబ్బు తగ్గినట్టు కనిపిస్తుంది, మా దగ్గర చేరినట్టు ఉండదు. ఈలోగా ఆ నంబరు వెనకవారికి వెళ్తుంది. తెరిచిన మొదటి సాయంత్రమే ఇలాంటివి కొన్ని వచ్చాయి. మాకు డబ్బు చేరిన సమయాన్నే వరసకు ఆధారంగా తీసుకుంటామని, తెరపై కనిపించే ఆర్డరు సంఖ్యకూ పుస్తకం నంబరుకూ సంబంధం లేదని ఆర్డరు రసీదు మీదే అచ్చువేయించాము. పుస్తకం నంబరు ఇప్పుడు అసలు చెప్పడం లేదు. అన్ని చెల్లింపులూ తేలాక ఒకేసారి కేటాయించి తెలియజేస్తున్నాము. ఆత్రంగా ఉన్నవాళ్లకు ఇది నచ్చలేదు, కానీ చెప్పిన నంబరు వెనక్కి తీసుకోవలసిన అవసరం దీనితో పోయింది.

ఒకే చిరునామాకు నాలుగు పేర్లతో వచ్చిన ఆర్డర్లలో ఒకటి ఉంచి మిగిలినవాటి డబ్బు తిప్పి పంపాము. గ్రంథాలయాలకు ఈ పరిమితి లేదు.

ఆగస్టు

వానలు. పెడనలో అద్దకం వస్త్రం ఎండ మీద ఆధారపడిన పని. గుడ్డను కరక్కాయ నీటిలో ముంచి ఆరబెట్టాలి. ఇనుము, బెల్లం ఊరబెట్టిన నీటితో నలుపు, పటికతో ఎరుపు అద్ది, ఉడికించి, పారే నీటిలో ఉతికి మళ్లీ ఆరబెట్టాలి. ముసురు పట్టినప్పుడు ప్రతి దశా నిలిచిపోతుంది. చివరి విడత వస్త్రం ఆలస్యంగా వచ్చింది, మొదటి విడత కన్నా ఒక ఛాయ ముదురుగా వచ్చింది. సహజ రంగుల్లో అది మామూలే. అయితే మొదటి సంపుటం పక్కన పెట్టి చూసుకునేవారికి ముందే చెప్పాలి కాబట్టి, రెండు విడతల వస్త్రాన్నీ పగటి వెలుతురులో పక్కపక్కన పెట్టి తీసిన ఫొటోను అందరికీ పంపాము.

అసలు సమస్య బైండింగులో. కలంకారీ గుడ్డ జిగురు తడికి సాగి, ఆరేటప్పుడు ముడుచుకుంటుంది. బయట గుడ్డ ఒక వైపు లాగితే లోపల అతికించిన కాగితం రెండో వైపు లాగాలి; ఆ రెండు బలాలూ సరిపోతేనే అట్ట చదునుగా ఉంటుంది. గాలిలో తేమ ఎక్కువగా ఉంటే లోపలి కాగితం ఆరేలోగా అట్టకు వాడే గట్టి కప్పా బోర్డు బయటికి విల్లులా వంగుతోంది. గుడ్డ వెనక పలచటి కాగితం ముందుగా అతికించి తెచ్చుకోవడం, బోర్డు పీచు వెన్నుకు సమాంతరంగా ఉండేలా కోయించడం, మైదా జిగురులో నీళ్లు తగ్గించడం మూడూ చేశాము. (జిగురులో మైలుతుత్తం కలపడం ఎన్నడూ మానలేదు, అది లేకపోతే వానాకాలం పుస్తకం పురుగులకు విందు.) ఫలితం మెరుగైంది కానీ వేగం సగమైంది. ఒత్తిడి ప్రెస్సులో ఒక్కో దొంతరను ఇదివరకటి కన్నా ఎక్కువ రోజులు ఉంచవలసి వస్తోంది. తొందరపెట్టబోతే మేస్త్రీ ఒకే మాట అన్నాడు: ‘సార్, ఎండ కొట్టందే అట్ట మన మాట ఇనదు.’

ప్రకటించిన తేదీ దాటుతుందని తెలిసిన రోజే కొన్నవాళ్లందరికీ ఉత్తరం రాసి రెండు దారులు ఇచ్చాము: వేచి ఉండడం, లేదా పూర్తి డబ్బు వెనక్కి తీసుకోవడం. 2020 నాటి ఈ-కామర్స్ వినియోగదారుల రక్షణ నియమాల ప్రకారం ఆలస్యంగా చేరిన వస్తువుకు డబ్బు తిరిగి ఇవ్వబోమనడానికి మామూలుగా వీల్లేదు; ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలోగా పరిష్కరించాలి. డబ్బు వెనక్కి తీసుకున్నవాళ్లు చాలా తక్కువ. ఖాళీ అయిన నంబర్లు వరసలో ఉన్నవారికి వెళ్లాయి.

ఆగస్టు చివరి వారం

అమెరికాకు వెళ్లవలసిన ప్రతులు ఆగిపోయాయి. 800 డాలర్ల లోపు సరుకుకు ఉన్న సుంకం మినహాయింపును ఆ దేశం ఆగస్టు 29 నుంచి ఎత్తివేయడంతో, మన తపాలా శాఖ 25 నుంచే అక్కడికి పార్సిళ్ల బుకింగు నిలిపివేసింది. పుస్తకాలు ఆ ఉత్తర్వు పరిధిలోకి రావు. అయినా సుంకం ఎవరు ఎలా వసూలు చేయాలో తేలనప్పుడు విమానంలో సంచి ఎక్కదు కాబట్టి, మినహాయింపు ఉన్నా పుస్తకం కదలదు. కొందరు డాలస్ వెళ్తున్న బంధువుల చేత పంపించమన్నారు. అలా అప్పగించినప్పుడు అందుకున్నవారి సంతకం, గుర్తింపు కార్డు నకలు తీసుకుని, పుస్తకం మా చేయి దాటినట్టు రాసుకున్నాము. మిగిలినవారి ప్రతులు వారి నంబర్లతోనే బీరువాలో ఉన్నాయి.

సెప్టెంబరు

పంపకం మొదలైంది. మామూలు ప్రతులను తపాలా శాఖ పుస్తకాల కోసం మే నెలలో తెచ్చిన జ్ఞాన్ పోస్టులో పంపుతున్నాము. 300 గ్రాములకు 20 రూపాయల నుంచి 5 కిలోలకు 100 రూపాయల వరకు రేటు, దానిపై పన్ను. 2024 డిసెంబరులో పుస్తకాల రిజిస్టర్డ్ తపాలా విభాగాన్ని ఎత్తివేశాక చిన్న ప్రచురణకర్తలకు ఇది కొంత ఊపిరి. కానీ అది నేల దారిన నెమ్మదిగా వెళ్తుంది. నంబరు ప్రతిని అన్ని గోదాముల్లో దొర్లించే ధైర్యం లేక, వాటిని బీమాతో స్పీడ్ పోస్టులోనే పంపాము.

దెబ్బ తగిలేది దాదాపు ఎప్పుడూ మూలలకే. పుస్తకాన్ని పెట్టెలో బిగుతుగా పెడితే కింద పడ్డప్పుడు అదురు నేరుగా అట్ట మూలకు చేరుతుంది. అందుకని పుస్తకానికి ప్లాస్టిక్ తొడుగు, నాలుగు మూలలకూ మడిచిన అట్ట టోపీలు, దాని చుట్టూ ఒక పెట్టె, ఆ పెట్టెకూ బయటి పెట్టెకూ మధ్య నలిపిన కాగితం. సిలికా జెల్ సంచి ఒకటి. ఇంత చేసినా కొన్ని ప్రతులు మూలలు నలిగి చేరాయి. ఒకటి తడిసి చేరింది.

ఈ డైరీలో నాకు ముఖ్యమనిపించే భాగం ఇదే. మామూలు పుస్తకం పాడైతే ఇంకొకటి పంపితే పని తీరిపోతుంది. 241 నంబరు పాడైతే ఇంకో 241 ఎక్కడిది? బీరువాలో నంబరు లేని ప్రతులున్నాయి, సంతకం చేసిన ఖాళీ పుటలున్నాయి. కొత్త 241ని పావుగంటలో తయారుచేయవచ్చు. అలా చేస్తే పాత 241 బయట ఉండగానే కొత్తది పుడుతుంది, మొత్తం 516 అన్న మా మాట అబద్ధమవుతుంది. కాబట్టి పాత ప్రతి మా చేతికి వచ్చేదాకా కొత్తది ఇవ్వము. తపాలా ఖర్చు మాదే. తిరిగి వచ్చిన ప్రతి నుంచి నంబరు పుటను జాగ్రత్తగా విడదీసి, అడ్డంగా రెండు రంధ్రాలు వేసి, ‘రద్దు’ అని రాసి, తేదీతో రిజిస్టరులో ఆ నంబరు ఎదుట అతికిస్తాము. ఆ తరువాతే కొత్త పుట మీద అదే నంబరు రాస్తాము. పుట పోయిన పుస్తకం, ఎంత చదవదగినదైనా, అమ్మకానికి వెళ్లదు; మేము పాఠశాల గ్రంథాలయాలకు ఇస్తున్నాము.

ఒక కొనుగోలుదారుడు ఫొటో పంపుతాను, పుస్తకం తిరిగి పంపను, పుటను నేనే చించేస్తాను అన్నారు. ఆయన మాటను శంకించడం మా ఉద్దేశం కాదు. మిగిలిన 515 మందికి మేము చూపగలిగిన రుజువు ఆ పుట ఒక్కటే అని వివరించాము. వారం ఆలోచించి పంపారు. చిన్న నలుగుడుతో సర్దుకుంటామన్నవాళ్లకు ధరలో కొంత వెనక్కి ఇచ్చాము. ఆ సంగతి కూడా నంబరు ఎదుట రాసి ఉంది.

22వ తేదీ నుంచి ముద్రణ కాగితం మీద జీఎస్‌టీ 12 నుంచి 18 శాతానికి పెరిగింది, అట్టపెట్టెల మీద 12 నుంచి 5కి తగ్గింది. పుస్తకం మీద పన్ను లేదు గనుక కాగితం మీద కట్టిన పన్నును మేము తిరిగి రాబట్టుకోలేము. ఈ సంపుటానికి కాగితం ముందే కొన్నాము. మూడో సంపుటం ఉంటే ధర లెక్క మళ్లీ వేయాలి.

అక్టోబరు

15 నుంచి అమెరికా తపాలా మళ్లీ మొదలైంది. ఆగిన ప్రతులన్నీ ‘ముద్రిత పుస్తకం’ అన్న వర్గీకరణ స్పష్టంగా రాసి పంపాము.

ఒక పార్సిలు మాత్రం పోయింది. దేశం లోపలిదే. చేరినట్టు ట్రాకింగులో ఉంది. చేరలేదని కొన్నవారు అంటున్నారు, వారిని నమ్మకపోవడానికి కారణమేమీ లేదు. బీమా డబ్బు కోసం అర్జీ పెట్టాము. కానీ ఇక్కడ రద్దు చేయడానికి పాత పుట లేదు. ఎక్కడో ఎవరి చేతిలోనో ఆ ప్రతి ఉండి ఉండవచ్చు, రేపు అది పాత పుస్తకాల బజారులో తేలవచ్చు. అదే నంబరు మామూలుగా రాసి ఇస్తే ఒకే నంబరుతో రెండు అసలు ప్రతులు తిరుగుతాయి. ఇద్దరం చాలాసేపు వాదించుకుని ఒక మార్గానికి వచ్చాము. కొత్త పుట మీద అదే నంబరు రాసి, దాని కింద ‘దారిలో పోయిన ప్రతికి బదులుగా ఇచ్చినది’ అని తేదీతో రాసి, ఇద్దరం సంతకం చేస్తాము. వారు మొదట ఒప్పుకోలేదు. అందరికీ శుభ్రమైన పుట ఉంటే తమకు మాత్రం మచ్చ ఎందుకన్నారు. న్యాయమైన ప్రశ్నే. డబ్బు పూర్తిగా వెనక్కి తీసుకునే అవకాశం ఇచ్చాము. నాలుగు రోజులకు పుస్తకమే కావాలన్నారు.

నవంబరు

పుస్తకం చేరని నంబర్లను కొందరు అప్పుడే ఆన్‌లైన్‌లో అమ్మకానికి పెట్టారు, రెండింతల ధరకు. కొన్నవారు అమ్ముకోవడం వారి హక్కు, మాకు అభ్యంతరం లేదు. మాకు సంబంధించినది ఒక్కటే: ‘ఈ నంబరు నిజమైనదేనా’ అని ఎవరైనా అడిగితే జవాబు చెప్పగలగాలి. నంబరు ఇచ్చి అడిగితే అది జారీ అయిందా, రద్దయి మళ్లీ జారీ అయిందా అన్నది మాత్రమే చెబుతాము. యజమాని పేరు, ఊరు చెప్పము.

డిసెంబరు

కోల్‌కతాకు ‘ఉ’ ప్రతి, మిగిలిన మూడు గ్రంథాలయాలకు మామూలు ప్రతులు గడువులోగానే వెళ్లాయి. మూడింటి రసీదులు వచ్చాయి, ఒకటి రావలసి ఉంది. 516 నంబర్లూ కేటాయించడం అయిపోయింది. నంబరు లేని ప్రతులు కొన్ని బీరువాలో మిగిలాయి. హైదరాబాద్ పుస్తక ప్రదర్శనలో వాటిని తక్కువ ధరకు పెట్టమని మిత్రులు సలహా ఇచ్చారు. పెట్టడం లేదు. కుట్టు ఊడినా, చెద పట్టినా వచ్చే రెండేళ్లలో ఎవరికైనా బదులు ఇవ్వవలసి రావచ్చు. ఆ గడువు తీరేదాకా ఆ ప్రతులు, సంతకం ఉన్న ఖాళీ పుటలు అలాగే ఉంటాయి. ప్రదర్శనలో మా బల్ల మీద ‘అ’ ప్రతిని చూడటానికి మాత్రమే పెడుతున్నాము. పక్కనే రిజిస్టరు నకలు ఉంటుంది, పేర్లున్న వరసను కప్పేసి.